నర్సింగ్‌లో తప్పాక మళ్లీ నర్సింగ్‌లోకి: గోదావరి జిల్లాల పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

రిజల్ట్స్ వచ్చిన వారంలోనే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, నరసాపురం, తణుకు చుట్టుపక్కల నుంచి ఎక్కువగా వచ్చేవి ఇక్కడ పెట్టాను. ఎవరు ఏ కోర్సు చూపించినా ముందు అడగాల్సిన మాట ఒకటుంది: "ఇది పూర్తయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో నా పేరు ఎక్కుతుందా?" ఎక్కితే అది నర్సింగ్. ఎక్కకపోతే అది ఆసుపత్రిలో ఇంకేదో పని. అది మంచి పనే కావచ్చు, కానీ దాంతో మీరు నర్సు కారు. కింద చెప్పేవాటిలో సగం ఈ తేడా గురించే.

కాలేజీలో "ఇంక నువ్వు రానక్కర్లేదు" అన్నారు. నా చదువు అయిపోయినట్టేనా?

ఆ మాట నోటితో అన్నారా, కాగితం మీద ఇచ్చారా? ముందు అది చూడండి. మన పిల్లలు మూడు వేరువేరు సంగతుల్ని కలిపి "ఫెయిలై బయటికొచ్చేశాను" అంటారు. సబ్జెక్టు తప్పితే సప్లీ రాసుకోవచ్చు. అటెండెన్స్ చాలక డిటెయిన్ చేస్తే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఈ రెండిట్లోనూ మీరు ఇంకా ఆ కాలేజీ విద్యార్థే. పేరు తీసేసి టీసీ చేతిలో పెడితేనే నిజంగా బయటికొచ్చినట్టు. మొదటి రెండిట్లో ఉన్నవాళ్లు కూడా కోపంతోనో సిగ్గుతోనో తామే టీసీ అడిగి తెచ్చేసుకుంటారు. ఆ తొందర వద్దు. ప్రిన్సిపాల్‌కి ఒక అర్జీ రాసి, నా స్టేటస్ ఏమిటో రాతపూర్వకంగా ఇవ్వండి అని అడగండి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి.

బీఎస్సీ నర్సింగ్‌లో సప్లీలు ఎన్నిసార్లు రాయొచ్చు?

2021-22 బ్యాచ్ నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం నాలుగేళ్ల కోర్సుని చేరిన రోజు నుంచి ఎనిమిదేళ్లలోపు పూర్తి చేయాలి. ఆలోపు ఎన్నిసార్లు రాశారన్నది అడ్డం రాదు. అడ్డం వచ్చేది మరొకటి. మొదటి సెమిస్టర్లలో పేపర్లు మిగిలినా పై క్లాసులకు వెళ్లనిస్తారు గానీ, వెనకవన్నీ క్లియర్ చేయకుండా అయిదో సెమిస్టర్ పరీక్ష రాయనివ్వరు. చాలామంది చదువు అక్కడే ఆగుతుంది. ఫస్టియర్‌లో అనాటమీ, సెకండియర్‌లో ఫార్మకాలజీ మిగిలినవాళ్లు "తర్వాత చూద్దాం" అనుకుంటూ థర్డియర్ గుమ్మం దగ్గర ఇరుక్కుపోతారు. అలా ఇరుక్కున్నా అది కోర్సు పోవడం కాదు, ఏడాది పోవడం. ఎనిమిదేళ్లలో మీకు ఇంకా ఎన్ని మిగిలాయో లెక్క వేసుకోండి.

పాస్ మార్కుల సంగతి కూడా కొందరికి తెలీదు. థియరీలో, ప్రాక్టికల్‌లో విడివిడిగా 50 శాతం రావాలి. ఇంగ్లిష్‌కి మాత్రం 40 చాలు. థియరీలో 72 తెచ్చుకుని ప్రాక్టికల్‌లో 46 వస్తే సబ్జెక్టు పోయినట్టే.

మెమోల్లో ఒకదాని మీద డాక్టర్ వైఎస్సార్ హెల్త్ యూనివర్సిటీ అనీ, ఇంకోదాని మీద డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ అనీ ఉంటే కంగారు పడకండి. 2022లో పేరు మార్చారు, 2024లో మళ్లీ పాత పేరు పెట్టారు. విజయవాడలో ఉన్న ఆ యూనివర్సిటీ ఒకటే.

మొదటి ఏడాదిలోనే పోయింది. ఇక్కడే మళ్లీ రాయాలా, జీఎన్ఎంకి (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ డిప్లమోకి) మారిపోవాలా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే. ఎందుకు తప్పారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఒకటి రెండు సబ్జెక్టులే పోతే మారొద్దు. సప్లీ రాయండి. జీఎన్ఎంకి వెళ్తే మళ్లీ మొదటి ఏడాది నుంచే మొదలుపెట్టాలి. బీఎస్సీలో చదివిన ఏడాదిని అక్కడ లెక్కలోకి తీసుకోరు. "మేం నిన్ను సెకండియర్‌లో చేర్చుకుంటాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

సబ్జెక్టులన్నీ పోయి, ఫీజు కట్టడం కూడా కష్టంగా ఉంటే జీఎన్ఎం మంచిదే. మూడేళ్ల కోర్సు. ఇంటర్ ఏ గ్రూపు అయినా సరే, మొత్తం మీద 40 శాతం, ఇంగ్లిష్‌లో 40 శాతం ఉండాలి. బీఎస్సీకి బైపీసీ గ్రూపుతో 45 శాతం అడుగుతారు. ఎస్సీ, ఎస్టీలకు రెండు కోర్సుల్లోనూ అయిదు శాతం సడలింపు ఉంది. జీఎన్ఎం అయ్యాక రిజిస్ట్రేషన్ చేయించుకుని, రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితే డిగ్రీ వస్తుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీకి కూడా వెళ్లొచ్చు. మూడూ రెండూ కలిపితే అయిదేళ్లు. మధ్యలో ఉద్యోగం చేసి నాలుగు డబ్బులు వెనకేసుకోవచ్చు. కోనసీమలో కొబ్బరి రేటు పడిపోయిన ఏడాది కాలేజీ ఫీజు కట్టలేకపోయిన ఇళ్లకి ఈ మధ్యలో వచ్చే జీతమే పెద్ద ఆసరా.

జీఎన్ఎం తీసేస్తారన్న మాట కొన్నేళ్లుగా నడుస్తోంది. పుకార్లని నమ్మి ఆగిపోవద్దు, అలాగని పట్టించుకోకుండానూ ఉండొద్దు. మీరు చేరే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ స్కూలు పేరు, సీట్ల సంఖ్య ఉన్నాయో లేదో చూసుకుని చేరండి.

మరి నర్సింగే పడనివాళ్ల సంగతి? క్లినికల్స్‌కి (ఆసుపత్రి వార్డులో చేసే ప్రాక్టీసుకి) వెళ్లాలంటేనే ఏడుపొచ్చేది, పేషెంటుని ముట్టుకోవాలంటే చేతులు వెనక్కి పోయేవి అన్నవాళ్లు జీఎన్ఎంకి వెళ్లినా అక్కడా పేషెంటే ఉంటాడు. వాళ్లు కింద ల్యాబ్ కోర్సుల గురించి రాసింది చూడండి.

నేను తెలుగు మీడియం. పుస్తకం అర్థం కాకే తప్పాను. మళ్లీ చేరినా అదే అవుతుందేమో?

అదే పద్ధతిలో చదివితే అదే అవుతుంది. పదో తరగతి దాకా గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అని చదివిన పిల్లకి ఒక్కసారిగా వెంట్రికిల్, ఆల్వియోలై, నెఫ్రాన్ అని ఇంగ్లిష్‌లో చెబితే మొదటి మూడు నెలలు బోర్డు మీద ఉన్నది ఎత్తి రాసుకోవడంతోనే గడిచిపోతుంది. ఇక్కడ తప్పేవాళ్లకి సాధారణంగా తెలివి తక్కువ కాదు, ఆ మూడు నెలలు పోవడమే నష్టం. మళ్లీ చేరేముందు ఖాళీగా ఉన్న నెలల్లో అనాటమీ బొమ్మలు చేత్తో వేయండి. ప్రతి భాగం పక్కన ఇంగ్లిష్ పేరు, కింద తెలుగులో ఒక వాక్యం రాయండి. కొత్త కాలేజీలో మొదటి రోజుకే ఆ నోట్సు చేతిలో ఉంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

లెక్కలు ఇంకో గండం. వైవాలో (నోటితో జవాబు చెప్పే పరీక్షలో) ఎక్కువమంది తడబడేది డ్రిప్ లెక్క దగ్గరే. డాక్టర్ 500 మిల్లీలీటర్ల సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించమన్నారనుకోండి. సెట్ కవరు మీద మిల్లీలీటరుకి 20 చుక్కలు అని ఉంది. 500ని 20తో గుణిస్తే 10,000 చుక్కలు. నాలుగు గంటలంటే 240 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 41.67 వస్తుంది కాబట్టి 42 చుక్కలకు సెట్ చేయాలి. అదే మైక్రో డ్రిప్ సెట్ అయితే మిల్లీలీటరుకి 60 చుక్కలు, లెక్క మొత్తం మారిపోతుంది. సూత్రం బట్టీ పట్టినవాళ్లు సెట్ మారగానే తికమక పడతారు. కవరు మీద చుక్కల సంఖ్య చదివి మొదలుపెట్టేవాళ్లకి ఆ ఇబ్బంది ఉండదు. ఇలాంటివి రోజుకి అయిదు చేస్తే నెలలో భయం పోతుంది.

మాది లంక గ్రామం. వరదలప్పుడు కాలేజీకి వెళ్లలేకే అటెండెన్స్ పోయింది. ఏమైనా చేయొచ్చా?

ఊరు చుట్టూ నీళ్లొచ్చి కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదని ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వదిలినప్పుడు రోజుల తరబడి ఎవరూ కదల్లేదు. కానీ నర్సింగ్‌లో రూలు గట్టిది. పరీక్ష రాయాలంటే థియరీకీ ప్రాక్టికల్‌కీ 80 శాతం హాజరు కావాలి. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. తక్కువ పడ్డవి తర్వాత డ్యూటీలు చేసి నింపాల్సిందే.

అందుకని రాకపోకలు ఆగిన తేదీలతో ఊరి వీఆర్వో దగ్గరో తహసీల్దారు ఆఫీసులోనో కాగితం రాయించుకుని, నీళ్లు తీసిన వారంలోనే కాలేజీలో ఇవ్వండి. పరీక్ష ఫీజు కట్టే ముందు రోజు తీసుకెళ్తే ఎవరూ వినరు. కాగితం ఇచ్చినంత మాత్రాన మినహాయింపు వస్తుందని చెప్పలేం గానీ, పోయిన డ్యూటీలు సెలవుల్లో వేయించుకోవడానికి అది పనికొస్తుంది. జులై, ఆగస్టు నెలలకి హాస్టల్లో ఉండిపోవడం ఇంకా మేలు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద రోజూ అటూ ఇటూ తిరిగే పిల్లలకి కూడా ఇదే చెబుతాను. గోదావరి పోటు మీదుంటే పంటు ఆపేస్తారు, ఆరోజు ఎనిమిది గంటల డ్యూటీ పోతుంది.

ఏఎన్ఎం (ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్) చేస్తే తక్కువైపోతామా? తర్వాత స్టాఫ్ నర్సు అవ్వొచ్చా?

ఎవరండీ తక్కువన్నది? ఊళ్లో బిడ్డకి టీకా వేసేదీ, గర్భిణికి బీపీ చూసేదీ ఏఎన్ఎమ్మే. రెండేళ్ల కోర్సు, అందులో చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. అమ్మాయిలకు మాత్రమే. కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉంటుంది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలు పెట్టినప్పుడు ఏఎన్ఎం గ్రేడ్-3 పోస్టులు పెద్ద సంఖ్యలో భర్తీ చేశారు. మళ్లీ అలాంటి నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను. "అదిగో వచ్చేస్తోంది" అని కోచింగ్ సెంటర్లు ఏటా చెబుతూనే ఉంటాయి.

రిజిస్టరైన ఏఎన్ఎంలు జీఎన్ఎంకి అప్లై చేయొచ్చు. అక్కడ నుంచి పోస్ట్ బేసిక్ బీఎస్సీ. అంటే రెండు, మూడు, రెండు, మొత్తం ఏడేళ్లు. చెప్పడానికి పొడుగ్గానే ఉంటుంది. కానీ ఏ మెట్టు దగ్గర ఆగినా చేతిలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. బీఎస్సీ మధ్యలో ఆగితే అది ఉండదు. ఇంటి పరిస్థితి ఎప్పుడెలా ఉంటుందో తెలియనివాళ్లకి నేను ఏఎన్ఎం చెప్పడానికి కారణం ఇదే.

పదో తరగతి తర్వాత చేసే ఇంటర్ ఒకేషనల్ ఎంపీహెచ్‌డబ్ల్యూ (ఫిమేల్), అంటే మల్టీ పర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు గురించి కూడా అడుగుతారు. ఇంటర్ పాసై వచ్చినవాళ్లు అందులో చేరడం అనవసరం. ఇప్పటికే చేసినవాళ్లు మాత్రం పాసవగానే ఉద్యోగం అనుకోకండి, ఆ తర్వాత ఏడాది క్లినికల్ ట్రైనింగ్ ఉంది.

నేను అబ్బాయిని. నాకేం దారి?

జీఎన్ఎం, బీఎస్సీ రెండూ అబ్బాయిలకు ఉన్నాయి. ఏఎన్ఎం లేదు. కాబట్టి బీఎస్సీ పోతే జీఎన్ఎమ్మే. కొన్ని స్కూళ్లు అబ్బాయిలని తీసుకోవు, అప్లై చేసే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్ వార్డుల్లో మగ నర్సులకి గిరాకీ బాగానే ఉంది.

మా ఇంటర్ మార్కులు సరిపోవట్లేదు. ఓపెన్ ఇంటర్ పనికొస్తుందా?

పనికొస్తుంది. కేంద్ర గుర్తింపున్న ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూలు), రాష్ట్ర గుర్తింపున్న ఓపెన్ స్కూలు రెండిటినీ కౌన్సిల్ ఒప్పుకుంటుంది. కాకపోతే బీఎస్సీకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ ఉండి తీరాలి.

బెంగళూరు కాలేజీలో సీటు ఇప్పిస్తానని ఒకాయన వచ్చాడు. "అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలకి వస్తే చాలు" అంటున్నాడు.

పంపొద్దు.

బెంగళూరులో మంచి కాలేజీలు లేవని కాదు, మన జిల్లాల నుంచి వెళ్లి బాగా చదువుకుని వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అటెండెన్స్ అక్కర్లేదన్న ఆ ఒక్క మాటే చాలు, వాడు ఎలాంటివాడో చెప్పడానికి. ఫెయిలైన పిల్లల ఇళ్లు వీళ్లకి ఎలా తెలుస్తాయో గానీ, రిజల్ట్స్ వచ్చిన పది రోజులకి అరుగు మీద కూర్చుని ఉంటారు. తండ్రికి బ్రోచర్ చూపిస్తారు, తల్లితో "మన పాపేనండీ" అంటారు, అడ్వాన్సు క్యాష్‌గా అడుగుతారు. ఏ రాష్ట్రంలోనైనా చేరే ముందు మూడు చూడండి: ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఉందా, యూనివర్సిటీ అఫిలియేషన్ ఆ విద్యా సంవత్సరానికి ఉందా, క్లినికల్స్‌కి ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. మూడోదానికి జవాబు చెప్పలేని కాలేజీలో ఇంజెక్షన్ చేయడం నేర్పేది ఎవరు? ఫీజు కాలేజీ బ్యాంకు ఖాతాలోకే కట్టండి, రశీదు తీసుకోండి.

దూరవిద్యలో నర్సింగ్ నేర్పిస్తామన్నవాళ్లనీ దూరంగానే ఉంచండి. జీఎన్ఎం గానీ, ఏఎన్ఎం గానీ, నాలుగేళ్ల బీఎస్సీ గానీ ఇంట్లో కూర్చుని చేసేవి కావు.

భీమవరంలో ఒక నర్సింగ్ హోంలో పెట్టుకుంటామన్నారు. అక్కడ నాలుగేళ్లు పని చేస్తే నర్సునైపోతానా?

అవ్వరు. నాలుగేళ్లు కాదు, పాతికేళ్లు చేసినా అవ్వరు. అనుభవం చూపించి రిజిస్ట్రేషన్ తెచ్చుకునే పద్ధతి లేదు. రిజిస్టర్‌లో పేరు లేకుండా నర్సుగా ప్రాక్టీస్ చేయడం చట్టవిరుద్ధం. చిన్న ఆసుపత్రుల్లో తెల్ల కోటేసి ఐవీలు (నరంలోకి సెలైన్, మందులు ఎక్కించే సూదులు) పెట్టిస్తారు. ఏదైనా రియాక్షన్ వచ్చి పేషెంటుకి జరగరానిది జరిగితే ముందు పోలీసులకి చూపించేది ఆ పిల్లనే.

జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోం హెల్త్ ఎయిడ్ లాంటి నెలల కోర్సులు ఉన్నాయి. పేషెంటుకి స్నానం చేయించడం, పక్క మార్చడం, వీల్‌చైర్‌లో తీసుకెళ్లడం లాంటివి నేర్పుతారు. నిజాయితీగల పని. మళ్లీ నర్సింగ్‌లో చేరేదాకా ఏడాది ఈ పని చేస్తే వార్డు భయం పోతుంది, చేతిలో కొంచెం డబ్బు ఉంటుంది. హైదరాబాద్‌లో హోం నర్స్ అని పిలిచి తీసుకెళ్లేవి చాలావరకు ఈ ఉద్యోగాలే. పేరులో నర్స్ ఉందని మోసపోకండి. ఉండే చోటు ఎక్కడ, వారానికి సెలవెప్పుడు, జీతం ఎవరిస్తారు అని అడిగి వెళ్లండి.

నర్సింగ్ వద్దు, కానీ ఆసుపత్రిలోనే ఉండాలి. ఏముంది?

పారామెడికల్ బోర్డు కిందున్న డిప్లమోలు చూడండి: ల్యాబ్ టెక్నీషియన్, ఎక్స్‌రే-ఇమేజింగ్, డయాలసిస్, అనస్థీషియా, ఆప్తాల్మిక్ అసిస్టెంట్. బైపీసీ వాళ్లకి ముందు అవకాశం. ఫార్మసీ ఇష్టమైతే డీఫార్మసీ రెండేళ్లు. పేషెంటు దగ్గర ఉండటం ఇష్టమే గానీ నర్సింగ్ థియరీ కొండలా అనిపించినవాళ్లకి డయాలసిస్ నప్పుతుంది. అదే పేషెంట్లు వారానికి రెండు మూడుసార్లు వస్తారు, పేరుపెట్టి పిలుస్తారు. రక్తం చూడలేనివాళ్లు ల్యాబ్‌కి వెళ్దామనుకుంటే మాత్రం ఒకసారి ఆలోచించుకోండి. అక్కడ పొద్దున్నే మొదటి పని సిరంజి పట్టుకుని రక్తం తీయడమే.

వీటి నుంచి నర్సింగ్‌లోకి అడ్డదారి లేదు. మనసు మారితే మళ్లీ మొదటి ఏడాదే.

పాత కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వకుండా మిగతా ఏళ్ల ఫీజు కట్టమంటున్నారు.

ఈ బాధ లేని ఇల్లు లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. దాని కాపీ జతచేసి ప్రిన్సిపాల్‌కి రిజిస్టర్డ్ పోస్టులో లెటర్ పంపండి. పది రోజులు చూసి యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలోనూ ఇవ్వండి. అరుపులకన్నా రశీదు ఉన్న లెటర్ ఎక్కువ పని చేస్తుంది. నిజంగా చదివిన ఏడాది బాకీ ఉంటే అది కట్టేయండి, దాని మీద వాదించి లాభం లేదు.

పెళ్లయింది, ఒక పాప. వయసు 29. ఇప్పుడు చేర్చుకుంటారా?

చేర్చుకుంటారు. కౌన్సిల్ నిబంధనల్లో చేరడానికి గరిష్ట వయసు 35 ఏళ్లు. పెళ్లి అడ్డం కాదు. అయితే హాస్టల్, నైట్ డ్యూటీ, పాపని ఎవరు చూస్తారు అన్నవి అత్తగారితోనూ మీ ఆయనతోనూ చేరకముందే తేల్చుకోండి. చేరిన ఆరు నెలలకి ఈ గొడవతో మళ్లీ బయటికొచ్చేసినవాళ్లు ఉన్నారు.

ఏఎన్ఎం చేసి కువైట్ వెళ్లొచ్చా?

బయటి దేశాల్లో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి అడిగేది జీఎన్ఎం లేదా బీఎస్సీ, రిజిస్ట్రేషన్, ఆపైన అనుభవం. ఏఎన్ఎంని అక్కడ రిజిస్టర్డ్ నర్సుగా లెక్కలోకి తీసుకోరు. ఇంటిపని వీసా మీద ఎక్కించి "అక్కడికి వెళ్లాక ఆసుపత్రిలో పెట్టిస్తాం" అనే ఏజెంట్లు మన వైపు కొత్త కాదు. వీసా మీద ఏ ఉద్యోగం రాసి ఉందో అదే చేయాలి. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

కొత్త కాలేజీలో ఇంతకుముందు ఫెయిలైన సంగతి చెప్పాలా?

చెప్పండి. ఇంటర్‌కీ ఇప్పటికీ మధ్య గ్యాప్ కనిపిస్తూనే ఉంటుంది, టీసీ మీద కాలేజీ పేరు ఉంటుంది. దాచి తర్వాత దొరికిపోవడం కన్నా "అనాటమీలో, ఫిజియాలజీలో పోయింది, ఇదిగో ఈ మధ్యలో చదువుకున్న నోట్సు" అని ముందే చూపించడం మేలు. వింటున్న మేడమ్ కూడా ఎప్పుడో ఒక సప్లీ రాసే ఉంటుంది.

మా అమ్మాయి గదిలోంచి బయటికి రావట్లేదండి. అన్నం తినట్లేదు.

ముందు కాలేజీ సంగతి పక్కన పెట్టండి. పక్కింటివాళ్లు అడిగితే ఏం చెప్పాలో మీరు చూసుకోండి, ఆ భారం పిల్ల మీద వేయొద్దు. చనిపోతానన్న మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పని చేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీరే చేసి ఫోను తనకి ఇవ్వొచ్చు.

మళ్లీ అప్లై చేయడానికి ఏ కాగితాలు సిద్ధం చేసుకోవాలి?

పది, ఇంటర్ మెమోలు, పాత కాలేజీ టీసీ, రాసిన సెమిస్టర్ల మెమోలు (అన్నీ పోయినా సరే), ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, ఫిట్‌నెస్ సర్టిఫికెట్. వేరే రాష్ట్రంలో చదివి వస్తే మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందూ, ఒకచోట వెనకా ఉంటే కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతుంది. ఆధార్ కేంద్రంలో ఆధార్ సరిచేయించడం తేలిక, టెన్త్ మెమో సరిచేయించడానికి నెలలు పడుతుంది.